బెజవాడ ఎండలో, ట్రాఫిక్‌లో సుజుకీ 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్

ఈ సమీక్ష కారు గురించి కాదు, కారులోని ఇంజిన్ గురించి. మారుతీ సుజుకీ కె12ఎన్ అని పిలుచుకునే 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ బలెనో, ఫ్రాంక్స్ కార్లలోను, వ్యాగన్ ఆర్‌లోని పెద్ద ఇంజిన్ రకాల్లోను, టయోటా పేరు మీద అమ్ముడయ్యే గ్లాంజా, టైజర్‌లలోను ఉంది. కాబట్టి వీటిలో టర్బో లేని ఏ బండి కొనదలచినా బానెట్ కింద వచ్చేది ఇదే. నేను బలెనో మాన్యువల్ నడుపుతున్నాను. నా వాడకంలో ఎక్కువ భాగం బెజవాడ ఊళ్లోనే, మిగిలింది గుంటూరు, ఏలూరు, అప్పుడప్పుడు హైదరాబాదు. సీట్లు, తెరలు, ఎయిర్‌బ్యాగుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోవడం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఇంజిన్ లోపలి భాగాలు అంత తేలిగ్గా చెడిపోయేవి కావు. దీన్ని చెడగొట్టేవన్నీ బయటి నుంచి వచ్చేవే. మనం పోయించే ఆయిల్, బంకులో దొరికే పెట్రోలు, ఇంజిన్ చుట్టూ బిగించిన చిన్న చిన్న విడిభాగాలు, ఆఖరికి వరద నీళ్లు, వీటిని గమనించుకోగలిగిన వాళ్లకు ఇంత ధరలో దీనికన్నా నమ్మకమైన పెట్రోల్ ఇంజిన్ దొరకడం కష్టమని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, 2024 మే నెలలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో కంపెనీ ఈ ఇంజిన్‌ను తీసేసి జడ్12ఈ అనే మూడు సిలిండర్ల ఇంజిన్ పెట్టింది. అదే ఏడాది నవంబరులో కొత్త డిజైర్ కూడా ఆ దారే పట్టింది. దానితో ఏలూరు రోడ్డులో గాని, బందరు రోడ్డులో గాని షోరూముకు వెళ్లిన ప్రతి కుటుంబానికీ ఒకటే సందేహం వస్తోంది. స్విఫ్ట్ ధర దగ్గరే బలెనో ఉంది, రెండూ 1197 సీసీయే, మరి మూడు సిలిండర్లకూ నాలుగు సిలిండర్లకూ తేడా ఏమిటి? సేల్స్‌లో ఉన్న కుర్రవాడు దీనికి ఇచ్చే జవాబు ఆ నెల ఏ బండి స్టాకు ఎక్కువ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది కనుక కొంచెం వివరంగా చూద్దాం.

ముందు లెక్కలు. ఒక్కొక్క సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 71.5 మిల్లీమీటర్లు, నాలుగూ కలిస్తే 1197 సీసీ. నిమిషానికి 6000 చుట్ల దగ్గర దాదాపు 90 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) శక్తి, 4400 చుట్ల దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వస్తాయి. పదహారు వాల్వులు, రెండు క్యామ్ షాఫ్టులు, అల్యూమినియం బ్లాకు, టైమింగ్ చెయిన్. ఈ 1197 అన్న అంకె కూడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు పన్ను తక్కువ అన్న నియమం 2006 కేంద్ర బడ్జెట్ నుంచి ఏదో ఒక రూపంలో కొనసాగుతూనే ఉంది. 2025 సెప్టెంబరు 22 తర్వాత ఆ తరగతికి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. హ్యుందాయ్ వాళ్లది 1197, హోండా వాళ్లది 1199, టాటా వాళ్లది 1199 కావడం వెనక ఉన్న రహస్యం ఇదే. మన దేశంలో చిన్న కారు ఇంజిన్ కొలతలను ఇంజినీర్ల కన్నా ముందు ఆర్థిక శాఖ గీసి ఇస్తుందని అనుకోవచ్చు.

వంశం సంగతి కూడా కొంత తెలిసి ఉండాలి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు అది పనికొస్తుంది. 2005లో మన దగ్గరకు వచ్చిన స్విఫ్ట్‌లో ఉన్నది 1298 సీసీ పాత జి13 ఇంజిన్. దానికి టైమింగ్ బెల్టు ఉండేది. ఆ బెల్టును వేళకు మార్చకపోతే తెగి, బండి దారిలో ఆగిపోయే ప్రమాదం ఉండేది. 2009లో రిట్జ్‌తో కె12ఎమ్ వచ్చింది, మరుసటి ఏడాదే స్విఫ్ట్ కూడా దానికి మారింది. బెల్టు పోయి చెయిన్ వచ్చింది. 2011 నాటి స్విఫ్ట్‌తో వాల్వుల సమయాన్ని అవసరాన్ని బట్టి మార్చే వీవీటీ ఏర్పాటు చేరింది. ఇప్పటి కె12ఎన్ 2019లో బలెనోలోను, 2020 మార్చిలో డిజైర్‌లోను, 2021లో స్విఫ్ట్‌లోను ప్రవేశించింది. అంటే బోరు, స్ట్రోకు మారకుండా, లోపలి అమరిక మాత్రమే మెరుగవుతూ ఒకే ఇంజిన్ ఇన్నేళ్లుగా లక్షల బళ్లలో తిరుగుతోంది. ఆటోనగర్‌లో దీన్ని విప్పి బిగించడం రాని పెట్రోల్ మెకానిక్ లేడంటే అతిశయోక్తి కాదు. ఈ పరిచయం కూడా నమ్మకంలో ఒక భాగమేనని నా లెక్క. ఎంత గొప్ప ఇంజిన్ అయినా నందిగామ దగ్గర రాత్రి పూట ఆగిపోతే దాన్ని చూసి అర్థం చేసుకోగల మనిషి దగ్గరలో ఉండాలి కదా.

పాత ఎమ్‌కూ కొత్త ఎన్‌కూ ఉన్న ముఖ్యమైన తేడా డ్యూయల్ జెట్ అన్న పేరులో ఉంది. ప్రతి సిలిండర్‌కూ ఒక ఇంజెక్టర్ బదులు రెండు ఉంటాయి, అంటే మొత్తం ఎనిమిది. ఒక్కొక్క ఇన్‌టేక్ వాల్వుకు దగ్గరగా ఒక్కొక్కటి ఉండి పెట్రోలును మరింత సన్నని తుంపరగా చిమ్ముతుంది. దాంతోపాటు కంప్రెషన్ పెంచారు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు వైపులా వీవీటీ ఇచ్చారు, పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి లోపలికి పంపే ఏర్పాటు పెట్టారు. నమ్మకం దృష్ట్యా ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, ఇన్ని చేసినా నేరుగా సిలిండర్‌లోకి అధిక ఒత్తిడితో పెట్రోలు కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ జోలికి వెళ్లకపోవడం. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల వెనక పెట్రోలు తడి తగలదు కనుక అక్కడ మసి గట్టిపడి పేరుకుంటుంది, పైగా అధిక ఒత్తిడి పంపు అనే ఖరీదైన భాగం ఒకటి అదనం. కె12ఎన్‌లో పెట్రోలు వాల్వు వెనక వైపే పడుతుంది కాబట్టి ఆ వాల్వులను ఎప్పటికప్పుడు అదే కడుక్కుంటుంది.

ఇక మూడు, నాలుగు సిలిండర్ల తగాదా. నాలుగు సిలిండర్లు వరుసగా ఉన్న ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే ప్రతి 180 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతుంది. మూడు సిలిండర్లలో 240 డిగ్రీలకు ఒకసారి. ఐడ్లింగ్‌లో ఆ ఖాళీ ఎక్కువ కావడం వల్ల, రెండు చివరల సిలిండర్ల బలాలు ఇంజిన్‌ను ముందుకూ వెనక్కూ ఊపడం వల్ల మూడు సిలిండర్ల బండిలో స్టీరింగు మీదా సీటు మీదా సన్నటి వణుకు తెలుస్తుంది. నాలుగు సిలిండర్లలో ఇద్దరు పైకి వెళ్తుంటే ఇద్దరు కిందికి వస్తారు కనుక ఆ ఊపు ఉండదు. ఎక్కువ వేగంలో మాత్రం రెట్టింపు తరచుదనంతో వేరే రకం వణుకు కొంత వస్తుంది, కానీ ఇంత చిన్న ఇంజిన్‌లో అది పట్టించుకోదగ్గది కాదు. స్ట్రోకు విషయం మరొకటి. జడ్12ఈ బోరు 74, స్ట్రోకు 92.8 మిల్లీమీటర్లు. పిస్టన్ సగటు వేగాన్ని లెక్క కడితే అందులో 5700 చుట్ల దగ్గరే సెకనుకు 17.6 మీటర్లు వస్తుంది, కె12ఎన్‌లో 6000 చుట్ల దగ్గర కూడా 14.3 మీటర్లే. పొట్టి స్ట్రోకు వల్ల ఇది పైకి లాగడానికి ఇష్టపడుతుంది, పొడవు స్ట్రోకు వల్ల అది కింద వేగాల్లో తేలిగ్గా కదులుతుంది, మైలేజీ కూడా కొంత ఎక్కువే ఇస్తుంది. మూడు సిలిండర్లు తక్కువ రకం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. దానికి అంతగా వయసు రాలేదు కనుక దీర్ఘకాలపు తీర్పు ఇప్పుడే ఇవ్వలేం, అంతే.

నడిపేటప్పుడు ఈ ఇంజిన్ తత్వం బెంజి సర్కిల్ కింద ఒకలాగా, చెన్నై హైవే మీద మరొకలాగా కనిపిస్తుంది. బెంజి సర్కిల్ నుంచి పటమట వైపు సాయంత్రం పూట జరిగే నత్తనడకలో, ఏసీ రెండో నంబరులో ఉండగా, రెండో గేరులో 1500 చుట్ల లోపు నుంచి లాగమంటే ఇది కొంచెం బద్ధకిస్తుంది. టార్క్ అంతా 4400 దగ్గర ఉంది మరి. మొదటి గేరుకు దించక తప్పదు, క్లచ్ మీద కాలు ఆడించక తప్పదు. ఆ సమయంలోనే ఏసీ కంప్రెసర్ పట్టుకుంటే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు అవుతుంది. ఇది లోపం కాదు, టర్బో లేని చిన్న ఇంజిన్ల స్వభావం. అదే వారధి దాటి, తాడేపల్లి దాటి, మంగళగిరి వైపు రోడ్డు విప్పుకున్నాక ఐదో గేరులో 3000 చుట్ల లోపే వంద వేగం వచ్చి, ఇంజిన్ ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా పోతుంది. కాజ టోల్ దగ్గర ఆగి మళ్లీ ఎత్తుకున్నప్పుడు మూడో గేరులో 4000 దాటించి చూస్తే దాని అసలు గొంతు వినపడుతుంది. కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురు పెద్దవాళ్లు, ఏసీ, సామాను ఉంటే రెండో గేరే శరణ్యం. ఎక్కలేకపోవడం అనేది మాత్రం ఎప్పుడూ లేదు, ఉష్ణోగ్రత హెచ్చరిక ఎప్పుడూ రాలేదు. మైలేజీ ఊళ్లో పదమూడు నుంచి పదిహేను, హైవేలో నిలకడగా పోతే పంతొమ్మిది, ఇరవై మధ్య వస్తోంది. కంపెనీ చెప్పే 22.35 పరీక్షాశాల అంకె, దాన్ని బెజవాడలో ఆశించకూడదు.

ఇప్పుడు అసలు విషయం, ఆయిల్. కె12ఎన్‌కు కంపెనీ సూచించేది 0డబ్ల్యూ-16 అనే బాగా పలచటి ఆయిల్. మన ఊళ్లో దీనిమీద ఉన్నంత అపోహ మరి దేనిమీదా లేదు. "ఇక్కడ మే నెలలో నలభై అయిదు డిగ్రీలండీ, ఆ నీళ్లలాంటి ఆయిల్ ఏం నిలుస్తుంది, చిక్కటిది పోయించండి" అని ఆటోనగర్‌లో ఒకరు కాదు, నలుగురు చెబుతారు. ఎండకు ఇంజిన్ చుట్టూ ఉన్న గాలి వేడెక్కే మాట నిజమే గాని, ఇంజిన్ లోపలి వేడిని థర్మోస్టాట్, కూలెంట్, ఫ్యాను కలిసి జనవరిలోనూ మేలోనూ దాదాపు ఒకే చోట నిలబెడతాయి. ఆ వేడికి తగ్గ పలచదనాన్ని లెక్క వేసుకొనే బేరింగుల సందులు, ఆయిల్ పంపు, దారులు తయారు చేశారు. చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో అది పైనున్న క్యామ్ షాఫ్టుల దాకా చేరడం ఆలస్యమవుతుంది. టైమింగ్ చెయిన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడితోనే, వీవీటీకి కావలసిందీ ఆ ఒత్తిడే. అయితే ఒక హెచ్చరిక ఉంది. పలచటి ఆయిల్ గడువు దాటితే క్షమించదు. పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది, అన్న మాటలో "ఏడాది" అన్న భాగాన్ని మనవాళ్లు సాధారణంగా వదిలేస్తారు. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి నుంచి కొట్టుకూ, కొట్టు నుంచి ఇంటికీ మాత్రమే తిరిగే బండి ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగదు, కానీ అలాంటి పొట్టి ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆగిపోతుంది కనుక ఆయిల్‌లో పెట్రోలు, తేమ చేరి అది త్వరగా చెడుతుంది. హైవే మీద తిరిగిన బండి కన్నా ఇలాంటి "తక్కువ తిరిగిన" బండికే ఆయిల్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్దాయన పాత బళ్లను చూసే పద్ధతి దగ్గరుండి గమనించాను. బండి చల్లగా ఉండగానే రమ్మంటాడు. వేడి మీద తెచ్చిన బండిని చూడనే చూడడు. బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, మూత అడుగు భాగాన్ని వేలితో రాసి చూస్తాడు. తర్వాత ఆ రంధ్రంలోంచి సెల్‌ఫోను టార్చి వేసి లోపల క్యామ్ షాఫ్టు కనిపించే చోట లోహం రంగు చూస్తాడు. తేనె రంగు పూత ఉంటే పర్వాలేదు. నల్లగా, వేలికి జిగటగా అంటుకుంటే ఆయిల్ మార్పులు తప్పాయని అర్థం. ఆ తర్వాత స్టార్టు చేయమని, చెయిన్ కవరు ఉన్న వైపు చెవి పెట్టి నిలబడతాడు. మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడు వచ్చి ఆగిపోతే చెయిన్ సాగడం మొదలైందనో, టెన్షనర్ అలిసిందనో అనుమానించాలి. "ఈ ఇంజిన్‌కు చెయిన్ మార్చడం అంటూ ఉండదు బాబూ, ఆయిల్ మార్చనివాడికే చెయిన్ మార్చాల్సి వస్తుంది" అన్నాడు. బెల్టుకు ఉన్నట్టు చెయిన్‌కు మార్పిడి గడువు లేకపోవడం వెనకున్న షరతు అదే. ఆయన ఓడోమీటరు వైపు కన్నెత్తి కూడా చూడకపోవడం నాకు ముచ్చటేసింది.

చుట్టూ ఉన్న భాగాల దగ్గరకు వస్తే, నమోదైన లోపాల్లో ముఖ్యమైనది ఇంధన పంపు. 2020 జులైలో కంపెనీ వ్యాగన్ ఆర్, బలెనో పెట్రోల్ కలిపి 1,34,885 బళ్లను ఇంధన పంపు పరీక్ష కోసం వెనక్కి పిలిచింది. వాటిలో బలెనోలు 2019 జనవరి 8 నుంచి నవంబరు 4 మధ్య తయారైనవి. మళ్లీ 2024 మార్చిలో 2019 జులై 30, నవంబరు 1 మధ్య తయారైన 11,851 బలెనోలను, 4,190 వ్యాగన్ ఆర్‌లను పంపు మోటారు భాగంలో లోపం ఉండవచ్చని పిలిచింది. ఆ లోపం ఉంటే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు, స్టార్టు కాకపోవచ్చు. భాగం ఉచితంగా మార్చారు. 2019 నాటి బండి కొనేవాళ్లు చాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్లో గాని, సర్వీస్ సెంటర్లో గాని ఆ పని జరిగిందో లేదో ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. గమనించవలసిందేమిటంటే, రెండుసార్లూ పిలిచింది పెట్రోలు ట్యాంకులో మునిగి ఉండే పంపు కోసం, ఇంజిన్ కోసం కాదు.

రెండోది బ్యాటరీ. సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ను దానంతటదే ఆపి మళ్లీ స్టార్టు చేసే ఏర్పాటు ఉన్న బళ్లకు మామూలు బ్యాటరీ సరిపోదు, తరచు స్టార్టింగులను తట్టుకునే ప్రత్యేక రకం కావాలి, అది ఖరీదెక్కువ. చవకగా వస్తుందని మామూలుది వేయిస్తే అది త్వరగా చచ్చిపోతుంది. మే నెలలో రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్ పడగానే ఇంజిన్ ఆగి, ఏసీ గాలి వెచ్చబడటం ఎవరికి హాయిగా ఉంటుంది? నేను బండి ఎక్కగానే ఆ బటన్ నొక్కి దాన్ని ఆపేస్తాను. రబ్బరు ఇంజిన్ మౌంటింగులు వయసుతో కుంగడం, థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఐడ్లింగ్ తడబడటం వంటివి ఏ పెట్రోల్ బండికైనా వచ్చేవే, పెద్ద ఖర్చూ కాదు. ఆటోమేటిక్ పేరుతో అమ్మే ఏజీఎస్ గేరుబాక్సు కుదుపులను కొందరు ఇంజిన్ ఖాతాలో వేస్తారు, అది అన్యాయం.

ఇక్కడే ఒక ఫిర్యాదు. ఊళ్లోని ఒక సర్వీస్ సెంటర్లో నా బండికి తీసిన అంచనా కాగితంలో ఇంజిన్ ఫ్లషింగ్, డీకార్బనైజింగ్, థ్రాటిల్ క్లీనింగ్ అనే మూడు వరుసలు అడగకుండానే చేరాయి. కంపెనీ ఇచ్చిన సర్వీసు పట్టికలో ఈ పేర్లు లేవు. "చేయిస్తే మంచిది సార్" అన్న మాట తప్ప ఎందుకో చెప్పినవాడు లేడు. గట్టిగా అడిగితే కొట్టేశారు. ఆయిల్ వేళకు మారుతున్న ఇంజిన్‌కు ఫ్లషింగ్ అక్కర్లేదు. ఆ డబ్బుతో సరైన కూలెంట్ పోయించుకోవడం మేలు. రేడియేటర్‌లో తగ్గిందని కొళాయి నీళ్లు, బోరు నీళ్లు పోసే అలవాటు మాత్రం మానాలి, మన వైపు బోరు నీళ్లలోని ఉప్పు సన్నని గొట్టాల్లో పొరలు కడుతుంది. అల్యూమినియం హెడ్ ఒకసారి వేడెక్కి వంగితే గాస్కెట్ పోవడం, హెడ్‌ను చదును చేయించే ప్లేనింగ్, ఇలా ఖర్చు వేలల్లోకి పోతుంది.

పెట్రోలు సంగతికి వస్తే, బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. లీటరు లెక్కన పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి సుమారు మూడో వంతు తక్కువ కనుక మైలేజీ తగ్గడం భౌతిక శాస్త్రం, ఎవరి కుట్రా కాదు. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళిక పత్రమే పాత పద్ధతిలో తయారై ఈ10కు (10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు) సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం, ఈ10కు తయారై ఈ20కు సర్దుబాటు చేసిన వాటిలో 1 నుంచి 2 శాతం తగ్గుదల ఉంటుందని చెప్పింది. 2023 ఏప్రిల్ తర్వాతి బళ్లలో పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేవే. అంతకు ముందువైతే పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్లు ఎండి పగలడం లేదా ఉబ్బడం జరుగుతోందా అని ప్రతి సర్వీసులోనూ చూపించుకోవాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదపని బండిలో సగం ట్యాంకుతో వదిలేయకపోవడం మంచిది. అమెరికా పిల్లల దగ్గరకు ఆరు నెలలకు వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లో తక్కువేం కాదు, వాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

గ్యాస్ గురించి రెండు మాటలు చాలు. కంపెనీ అమర్చే సీఎన్‌జీ బలెనోలో శక్తి 77.5 పీఎస్‌కు, టార్క్ 98.5 న్యూటన్ మీటర్లకు తగ్గుతుంది, కిలోకు 30.61 కిలోమీటర్లు వస్తాయని కంపెనీ లెక్క. రోజూ గుంటూరు, బెజవాడ మధ్య తిరిగేవాళ్లకు లాభమే. బయట కిట్టు వేయిస్తే మాత్రం వారంటీ మీద ఆశ వదులుకోవాలి. 2024 జులై నుంచి కొత్త బళ్లకు వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేశారు, దాన్ని కొన్ని వేల రూపాయల కోసం పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

పోటీదారుల్లో నాలుగు సిలిండర్లు మిగిలినవి రెండే చెప్పుకోదగ్గవి. హ్యుందాయ్ 1.2 కప్పా కూడా 1197 సీసీయే, 83 పీఎస్, 114 న్యూటన్ మీటర్లు. ఐడ్లింగ్ నిశ్శబ్దంలో దీనికన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది, లాగుడులో కొంచెం మెత్తన. హోండా అమేజ్‌లోని 1199 సీసీ ఐవీటెక్ 90 పీఎస్ ఇస్తుంది, 110 న్యూటన్ మీటర్లు 4800 దగ్గర, అంటే దీనికన్నా ఇంకా పైకి తిప్పాలి. తిప్పితే మాత్రం సంతోషపెడుతుంది. టర్బో కావాలంటే ఫ్రాంక్స్‌లోనే మూడు సిలిండర్ల ఒక లీటరు బూస్టర్‌జెట్ ఉంది, 100 పీఎస్, 147.6 న్యూటన్ మీటర్లు. హైదరాబాదుకు తరచు పోయేవాళ్లకు ఓవర్‌టేకింగులో అది ఎంతో తేలిక. కాని టర్బో అంటే అదనపు వేడి, అదనపు గొట్టాలు, ఆయిల్ విషయంలో మరింత క్రమశిక్షణ. పదేళ్లు అట్టిపెట్టుకునే ఉద్దేశంతో కొంటే నేను టర్బో లేనిదే తీసుకుంటాను.

చివరగా వరద. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎన్నో కార్లు బానెట్ పైదాకా మునిగాయి. నీళ్లలో మునిగి, స్టార్టు చేయకుండా ఉన్న ఇంజిన్‌ను చాలావరకు కాపాడుకోవచ్చు. ఆయిల్ దించి, ప్లగ్గులు తీసి, చేత్తో క్రాంక్ తిప్పి నీళ్లు బయటకు కొట్టించి, కొత్త ఆయిల్ రెండుసార్లు మార్చితే బతుకుతుంది. మోకాటి లోతు నీళ్లలో ఆగిపోయిన బండిని కంగారులో మళ్లీ స్టార్టు చేసిన వాళ్ల ఇంజిన్లే పోయాయి. గ్రిల్ వెనకాల ఉండే గాలి గొట్టం నీళ్లు పీలిస్తే, ఆ నీరు సిలిండర్‌లో చేరుతుంది. పెట్రోలు ఆవిరిలా అది నలగదు, పిస్టన్ ఎదురుదెబ్బకు కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఒక్కోసారి బ్లాకు పగులుతుంది. ఇందుకు ఇంజిన్ ఎన్ని సిలిండర్లదైనా ఒకటే. మామూలు సమగ్ర బీమా వరద నష్టాన్ని ఇస్తుంది గాని, నీళ్లలో స్టార్టు చేయడం వల్ల కలిగిన ఇంజిన్ నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు వేరుగా తీసుకోవాలి. బుడమేరు పక్కన, కృష్ణలంక కరకట్ట పక్కన ఉండేవాళ్లు ఆ కొద్ది ప్రీమియం దగ్గర పిసినారితనం చూపకూడదు.

ఆ మునిగిన బళ్లన్నీ తుక్కులోకి పోలేదు. కడిగి, సీటు కవర్లు మార్చి, పాలిష్ కొట్టి వేరే జిల్లాలకూ, తిరిగి ఇక్కడికే అమ్మకానికీ వచ్చాయి. కె12ఎన్ ఉన్న 2019 నుంచి 2024 మధ్య స్విఫ్ట్, డిజైర్, బలెనోలు సెకండ్ హ్యాండ్‌లో మంచి ఎంపిక అని చెబుతూనే, కొనేముందు ముందు సీటు కింది పట్టాలు తుప్పు పట్టాయా, డిక్కీలో స్టెప్నీ గుంటలో బురద గీత ఉందా, కార్పెట్ కింద వైరింగు ప్లగ్గుల్లో పచ్చటి చిలుము ఉందా అని టార్చి వేసి చూడమని చెబుతాను. బీమా పాలసీ నంబరు అడిగి, 2024లో ఏమైనా క్లెయిమ్ తీసుకున్నారేమో బీమా కంపెనీ నుంచే కనుక్కోవాలి. ఆ వివరం చేతికి రాకముందే అడ్వాన్సు ఇవ్వమని తొందరపెట్టే బ్రోకరుతో బేరం అక్కడితో ఆపేయడం మంచిది.